కుంపటి మీద బుట్ట

గురునాథరావు ఫోటో తీస్తే మనిషి రెండేళ్లు చిన్నగా కనిపిస్తాడని భిలాయి సుపేలా బజారులో పేరు. ఆ పేరు ఉత్తినే రాలేదు. విజయనగరంలో ఓ స్టూడియో చీకటిగదిలో తొమ్మిదేళ్లు నిలబడి, ఫోటోలు కడిగే మందునీళ్లకి గోళ్లు గోధుమరంగు తిరిగిపోయాక, 1958లో ఒక ట్రంకుపెట్టెతో, కడుపుతో ఉన్న పెళ్లాంతో భిలాయి దిగాడు. కార్ఖానా లేస్తున్న రోజులు. గేటుపాసుకి ఫోటో కావాలి, ఊళ్లో ఉన్న అమ్మకి పంపడానికి ఫోటో కావాలి. రేకుల షెడ్డులో ముందు స్టూడియో, వెనక కాపరం, మధ్యన ఒక్క పరదా. ఇటు చిటికేస్తే అటు వినబడేది.

ఆ ఏడే కూతురు పుట్టింది. మణిమాల అని పేరు పెట్టుకున్నారు. ఫోటోలవాడి కూతురు కదా, పుట్టినప్పటి నుంచి ఎన్ని ఫోటోలుండాలి? ఒక్కటీ లేదు. సింహాచలంలో పుట్టువెంట్రుకలు తీయించేదాకా బిడ్డని కెమెరా ముందు పెట్టకూడదని, ఆయుక్షీణమని భార్య నూకరత్నం పట్టు పట్టింది. గురునాథరావు నవ్వి ఊరుకున్నాడు. సింహాచలం వెళ్దామంటే పని తెమలదు. ఇవాళా రేపూ అంటూ మూడేళ్లు దాటించాడు. తీరా వెళ్లి మొక్కు చెల్లించి వచ్చాక, బోడిగుండుతో ఫోటో ఏం బాగుంటుంది, జుట్టు రానీ అన్నాడు. అలా అన్నది మాత్రం నూకరత్నం కాదు, అతనే.

1962 మే నెలలో ఓ ఆదివారం, వేలెడు జుట్టుకి ఎర్ర రిబ్బను కట్టి, గిరాకీలు కూర్చునే కుర్చీలో పిల్లని కూర్చోబెట్టి రెండు ఫోటోలు తీశాడు. ఒకదాంట్లో బుద్ధిగా కూచుంది. రెండోదాంట్లో నాలిక బయటపెట్టింది. రీలుకి పన్నెండు ఫోటోలు. నిండకుండా కడిగే అలవాటు అతనికి లేదు. రీలు దొరకడమే గగనమైన కాలం, ఇంకా పది ఫోటోలు మిగిలుండగా ఎవడు కడుగుతాడు? నిండనీ అన్నాడు.

జూన్‌లో పిల్లకి గొంతు వాచింది. మూడు రోజులు. నాలుగో రోజు పొద్దున్న లేదు.

నెల్లాళ్లు గురునాథరావు ఆ కెమెరా ముట్టుకోలేదు. కడిగితే పిల్ల బయటికొస్తుంది. ఆ ముఖం చూసి తట్టుకునే ధైర్యం లేక, రీలు ఇంకా నిండలేదే అని తనకు తానే సాకు చెప్పుకున్నాడు. నూకరత్నమే అడిగేది. "ఎప్పుడు కడుగుతారండీ? నాకు దాని ముక్కు మరపుకొచ్చేస్తంది." ఆ మాట విన్నాక ఇక తప్పలేదు. పక్క ఊరు ఉతైలో ఓ మాలగుజారు, అంటే భూస్వామి, ఇంట్లో పెద్దాయన పోతే శవం ఫోటోకి పిలిచారు. పోయినవాళ్ల ఫోటోలు తీసే దిగులు పనికి అతనికెప్పుడూ మనసొప్పదు, కానీ దాంతో రీలు నిండిపోతుంది. వెళ్లి పదీ తీశాడు. సాయంత్రానికి పిల్లని చూపిస్తానని పెళ్లానికి చెప్పి మరీ వెళ్లాడు.

తిరుగుదారిలో వాన. వాగు దాటుతుంటే సైకిలు జారింది. మనిషీ, సంచీ, కెమెరా అన్నీ నీళ్లలో. మోకాలు చీరుకుపోయి, సైకిలు ఈడ్చుకుంటూ ఇల్లు చేరేసరికి వణుకుతో పళ్లు కొట్టుకుంటున్నాయి. పక్కింటివాళ్లు కుట్లు వేయించడానికి కాంపౌండరు దగ్గరికి తీసుకుపోతుంటే, కెమెరా సంచి నూకరత్నం చేతిలో పెట్టి ఒక్క మాట అన్నాడు.

"జాగ్రత్త. అమ్మడు ఇందులోనే ఉంది."

ఇంకేం చెప్పలేదు. చెప్పాల్సింది ఆ ఒక్క నిమిషంలోనే. ఎంత పనివాడైతే ఏం, ఒంటి మీద తెలివి లేనప్పుడు పనితనం ఎందుకూ కొరగాదు.

తడిసిన వస్తువుని ఎలా చూసుకోవాలో నూకరత్నానికి తెలుసు. వానాకాలంలో పసిపిల్లల గుడ్డలు ఎండకపోతే కుంపట్లో బొగ్గులు రాజేసి, మీద వెదురుబుట్ట బోర్లించి, దాని మీద ఆరవేస్తారు. బాలింత జుట్టు కూడా అలాగే సాంబ్రాణి పొగలో ఆరబెడతారు. మణిమాల పొత్తిగుడ్డలన్నీ ఆ బుట్ట మీద ఆరినవే. ఆ బుట్టే మేకు మీంచి దించింది. కెమెరాని మెత్తని గుడ్డతో తుడిచి, బుట్ట మీద పడుకోబెట్టి, పక్కనే కూర్చుంది.

గురునాథరావు కుంటుకుంటూ వచ్చేసరికి కెమెరా పొడిగా ఉంది. తోలు తిత్తి పెళుసెక్కి చిట్లింది. అద్దం లోపల పాలపొర కమ్మింది. అతను చీకటిగదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. రీలు విప్పబోతే విడిపోలేదు. నల్లకాగితం, ఫిలిం ఒకదానికొకటి అంటుకుని చింతపండు ముద్దలా ఉంది. గోటితో ఓ మూల లేపితే మందుపొర కాగితంతో పాటు ఊడొచ్చింది. తడిగా ఉన్నదాన్ని తడిగానే తీసి కడిగితే సగమైనా దక్కేది. ఆ సంగతి విజయనగరంలో మొదటి ఏడాదే నేర్చుకున్నాడు. చీకట్లో ఆ ముద్దని పట్టుకుని నిలబడి ఏడ్చాడు. ఏడుపయ్యాక ముఖం తుడుచుకుని బయటికొచ్చాడు.

"వాగునీళ్లు తగిలినప్పుడే పోయింది, రత్నం."

"ఆరబెట్టడం ఆలీసమైపోనాదేటండీ?"

"లేదు. నువ్వు చేసిందాంట్లో ఏ లోపమూ లేదు."

ఏడేళ్లు ఆ మాటని కంటికి రెప్పలా కాచాడు. గిరాకీ ఎవరైనా తడిసిన కెమెరా తెస్తే చప్పున పుచ్చుకుని లోపలికి పోయేవాడు తప్ప, నోరు విప్పి ఏమీ చెప్పేవాడు కాదు. షట్టరు రేకులు విప్పి స్పిరిటుతో తుడిచినా, తుప్పు గీకినా తలుపు వేసుకునే చేసేవాడు. వాగులో పడిన తన కెమెరా మాత్రం బాగుచెయ్యలేదు. నూకరత్నానికి మళ్లీ కడుపు పండలేదు. నీళ్లు పాడువని, ఒకసారి పోయిన తన బిడ్డని వాగు ముండ రెండోసారి ఎత్తుకుపోయిందని, అప్పుడప్పుడు తిట్టుకునేది. బుట్ట మేకు మీదే ఉండేది. నీళ్లని తిట్టుకుంటే తిట్టుకుంది, తనని తాను తిట్టుకోవట్లేదు కదా అని గురునాథరావు ఊపిరి పీల్చుకునేవాడు.

1969 ఆగస్టులో ఓ మధ్యాహ్నం సెక్టర్ 4 నుంచి చినబాబు రొప్పుతూ సైకిలు దిగాడు. కార్ఖానాలో క్రేను నడుపుతాడు, బొబ్బిలి మనిషి.

"శివనాథ్ నదిలో కెమెరా పడిపోనాది గురువుగారూ. మా నాన్నగారివి అందులోనే ఉన్నాయి, ఆరు ఫోటోలు. ఆయన పోయి పది రోజులయింది. వేరే ఫోటో లేదు."

"కెమెరా ఏదీ?"

"ఇంటిదగ్గరుంది. మా ఆవిడ కుంపటి రాజేస్తంది. పూర్తిగా ఆరిపోయాక రేపు పట్టుకొస్తాను. ఇంకేటైనా చెయ్యాలేటో అడగడానికొచ్చాను."

పరదా వెనక నూకరత్నం బియ్యం చెరుగుతున్న చేట చప్పుడు ఆగకుండా వినబడుతోంది. ఊరుకుంటే ఇతని తండ్రి పోతాడు. చెబితే నూకరత్నం వింటుంది. నిలబడి ఆలోచించేందుకూ లేదు, అక్కడ బొగ్గులు అంటుకుంటున్నాయి. గురునాథరావు గొంతు తగ్గించి హిందీలోకి దిగాడు.

"సుఖానా మత్ భయ్యా. కెమెరా జాయే తో జాయే, బాల్టీ కే పానీ మే డుబా కే లావ్. ఆంచ్ లగా తో సబ్ ఖతమ్."

ఆరబెట్టొద్దని, కెమెరా పోతే పోనీ బాల్చీ నీళ్లలో ముంచి తెమ్మని, సెగ తగిలితే అంతా అయిపోయినట్టేనని. తెలుగువాడు తెలుగువాడితో ఇలా మాట్లాడటమేమిటని చినబాబు తెల్లబోయాడు గానీ, సైకిలెక్కి పరిగెత్తాడు. నూకరత్నానికి తెలుగు తప్ప రాదని గురునాథరావు నమ్మకం. ఆమె భిలాయి వచ్చేనాటికి హిందీ రాని మాట నిజమే. పదకొండేళ్లుగా కూరలమ్మే ఛత్తీస్‌గఢీ ఆడవాళ్లతో గీచి గీచి బేరమాడింది ఎవరు? కుళాయి దగ్గర పంజాబీ ఆవిడతో కష్టసుఖాలు చెప్పుకుంది ఎవరు? మొగుడు పట్టించుకుంటే కదా.

చేట చప్పుడు ఆగిపోయింది. అతను గమనించలేదు.

బాల్టీ వచ్చింది. చీకటిగదిలో రీలు మెత్తగా, జారుడుగా, బతికున్న చేపలా విడిపోయింది. ఆరింట్లో నాలుగు దక్కాయి. మర్నాడు మధ్యాహ్నానికి ముసలాయన బొమ్మలు తీగకి వేలాడుతున్నాయి. బొద్దు మీసం, ఒక కన్ను కాస్త చిన్నది. చినబాబు చూసి చేతులు జోడించి, ఏడుస్తూ పట్టుకుపోయాడు. పొరపాటున ఒకటి తీగ మీదే ఉండిపోయింది.

నూకరత్నం పరదా తీసి వచ్చి దాని ముందు నిలబడింది.

"బాగా వచ్చిందండీ."

"ఊఁ."

"ముక్కు కూడా తెలుస్తంది." తీగకి వేలాడే బొమ్మ కొసని సరిచేసింది. "ఆ రోజు బొగ్గులు ఒకసారి కాదండీ, రెండుసార్లు వేశాను. మీరొచ్చేసరికి ఆరిపోవాలని విసనకర్రతో విసురుతూ కూచున్నాను."

గురునాథరావు చేతిలో కత్తెర కింద పడింది. ఏడేళ్లుగా నోటికి అలవాటైన మాటే బయటికొచ్చింది.

"వాగునీళ్లు తగిలినప్పుడే పోయింది, రత్నం."

నూకరత్నం వంగి కత్తెర తీసి అతని చేతిలో పెట్టింది.

"అలగే అనండి. ఇకమీదటా అలగే అనండి," అని, అన్నం వడ్డించడానికి లోపలికి వెళ్లింది.