కాంటా గదిలో ఒక అప్‌డేట్

పనిచేసేచోట ఏ వస్తువు చెడినా అందుకు కర్త అంటూ ఎవరూ ఉండని స్వర్ణయుగం ఒకటి ఉండేది. ఆ రోజుల్లో నేను ముత్తంగికి ఇవతల, ఇనుప సామాను తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో గుమాస్తాను. అక్కడ మోటారు కాలితే దానంతట అదే కాలేది. అద్దం పగిలితే దానంతట అదే పగిలేది. షిఫ్టు పుస్తకంలో ఏ పుట తిప్పినా ఇదే మాట. ఒకసారి సామాను మోసే బండి గోడను గుద్దినప్పుడు, గోడే రెండడుగులు ముందుకు వచ్చిందన్న ధ్వని వచ్చేలా వ్రాసిన వాక్యం నేను స్వయంగా చదివాను (రసజ్ఞతకు లోటులేని వాక్యం). ప్రాచ్య కళాశాలలో ఏళ్ళ తరబడి కావ్యాలూ అలంకారశాస్త్రమూ చదివి, పండితుడి ఉద్యోగం దొరకక ఉత్తరాలు వ్రాసే పనిలో చేరిన నేను ఆ పుస్తకానికి చేసిన సేవ ఒక్కటే: ‘దానంతట అదే’ అన్నచోటల్లా ‘యాదృచ్ఛికముగా’ అని దిద్దడం.

మా కంప్యూటర్లన్నీ ఒక ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేవి. అంటే, యంత్రాన్ని నడిపే ఆ వ్యవస్థ లోపల ఏముందో ఎవరైనా చూడవచ్చు. దేశదేశాల స్వచ్ఛంద సేవకులు అందులోని దోషాలను ఎప్పటికప్పుడు సవరిస్తూ, సవరణలను అప్‌డేట్ పేరిట లోకానికి పంచుతూ ఉంటారు. మా మేనేజరు గారికి అందులో కనిపించిన ఏకైక సద్గుణం, అది ఉచితం కావడం. దానిని చూసుకొనే ఇంజనీరు మానేసి వెళ్ళగానే, కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మేనేజరు గారు నన్ను పిలిచి, “అంతంత చిక్కు పద్యాలకు అర్థం చెబుతావు కదయ్యా, ఈ డబ్బాలకు చెప్పలేవా? చూసుకో,” అన్నారు. చెప్పగలననే నేనూ అనుకొన్నాను. రెండు నెలలు కూర్చుని సూచనల పుస్తకమంతా కంఠస్థం చేశాను (మా చదువులో కంఠస్థం ముందు, అర్థం తరువాత, అర్థం ఒక్కొక్కప్పుడు రానేరాదు). ఆయన పెట్టిన నియమం ఒక్కటే: లారీలను తూచే కాంటా గదిలోని కంప్యూటరును మాత్రం తమ వ్రాతపూర్వకమైన అనుమతి లేనిదే ముట్టుకోరాదు.

ఒక సోమవారం మధ్యాహ్నం, అందరూ భోజనానికి వెళ్ళిన వేళ, నేను దానినే ముట్టుకొన్నాను. అప్‌డేట్ సిద్ధంగా ఉంది, చేయమంటారా అని తెర మీద ఒక ప్రశ్న కనిపించింది. అంత వినయంగా నన్ను ఆ ఫ్యాక్టరీలో మరెవరూ ఏదీ అడిగి ఉండలేదు. సరేనన్నాను.

మరునాటి నుంచి కాంటాకు పిచ్చి పట్టింది. ముందు తూగిన లారీ బరువు తరువాతి లారీ చీటీ మీద అచ్చు కాసాగింది. నిండుగా తుక్కు ఇనుము వేసుకొన్న లారీ ఒకటి, ఖాళీ లారీ బరువున్న చీటీతో గేటు దగ్గర పట్టుబడింది. కాంటా చూపే అంకె సరిగానే ఉంది. చీటీ మీది అంకె తప్పు. ఆ రెంటికీ మధ్యనున్న మనిషి ఒక్కడే, అందరమూ ‘కాంటా అన్న’ అని పిలిచే ఇస్మాయిల్‌ఖాన్‌పేట వాసి. తుక్కు వ్యాపారితో చేతులు కలిపాడని నిర్ధారించి, పన్నెండేళ్ళుగా ఆ గదిలో కూర్చున్నవాడిని గేటు బయటికి పంపారు. శనివారం విచారణ; ఆపైన ఉద్యోగం ఊడటమే తరువాయి.

నాకు లోలోపల సంగతి తెలుసు. కాని నా ఉద్యోగం ఆ నెలాఖరుకు పర్మనెంటు కావలసి ఉంది. అందుచేత ధర్మానికీ స్వార్థానికీ ఏకకాలంలో సేవ చేసే మధ్యేమార్గం ఒకటి కనిపెట్టాను. పటాన్‌చెరు బస్టాండు ఎదుటి ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని, ఆ వ్యవస్థను సంరక్షించే సేవకులు దోషాలను నమోదు చేసుకొనే పేజీలో, పరీక్షల కోసం నేర్చిన ఇంగ్లీషులో మూడు పుటల లేఖ వ్రాశాను. మొదటి పుట వారి త్యాగనిరతికి స్తుతి. రెండవది మా ఫ్యాక్టరీ వైభవమూ, ఈ ప్రాంతపు ఎండల తీవ్రతా. మూడవ పుట చివరన, ఈ వారం నుంచి బరువులు యాదృచ్ఛికముగా తప్పు వస్తున్నవని ఒక వాక్యం.

మరునాడు సమాధానం వచ్చింది. సంబోధన లేదు, కుశలప్రశ్న లేదు. “ఏ వెర్షన్? ఇలా కావడానికి ముందు ఏమి మార్చారు?”

ఇంత అనాగరికుడు నా స్తుతికి పాత్రుడా అని మండిపడి, వెర్షన్ సంఖ్య తెలిపి, ఏమియు మార్చబడలేదని (కర్మణి ప్రయోగంలో, ఎవరికీ తగలకుండా) వ్రాశాను. గంటలో మళ్ళీ అదే: “పోయిన వారం పనిచేసింది కదా. ఏమి మార్చారు?” ఆ ఫ్యాక్టరీలో ఏ అధికారీ, ఏ విచారణలోనూ ఎవరినీ అడగని ప్రశ్న అది. ‘ఎవరు చేశారు’ అని అరిచేవారు గాని, ‘ఏమి చేశారు’ అని నెమ్మదిగా అడిగినవారు లేరు.

శుక్రవారం ఉదయం గేటు ఎదుటి చాయ్ బండి దగ్గర కాంటా అన్న కనిపించాడు. ఆదివారం చర్చికి తొడిగే తెల్ల చొక్కా చేతిలో ఉంది. మరునాటి విచారణకని ఇస్త్రీ చేయించుకొని వస్తున్నాడు.

“ఏంది పంతులూ, జెర పరేషాన్‌ల ఉన్నవ్. నౌకరి పోతున్నది నాదా, నీదా?”

“కాంటా సంగతి బయటోళ్ళకు రాసిన అన్నా. ఏం మార్చిన్రని అడుగుతున్నరు.”

“ఏం మార్చినవ్ మరి?”

“ఏం లేదు.”

అతడు చాయ్ ఊదుకొన్నాడు. “నేను గూడ మేనేజర్ సారుకు గదే చెప్పిన, ఏం చెయ్యలే అని. ఆయన నమ్మలే. నీ మాటన్న గా బయటి సారు నమ్ముతడేమో సూడు.”

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే నేను తట్టుకొనేవాడిని. ఎత్తిపొడుపునకు ప్రత్యుత్తరం ఇవ్వడం మా విద్యలో ఒక భాగం. తిన్నగా ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళి, నా జీవితంలో అత్యంత పొట్టి రచన చేశాను: “సోమవారం మధ్యాహ్నం, అనుమతి లేకుండా, నేనే అప్‌డేట్ చేశాను.”

సాయంత్రానికి జవాబు. “ధన్యవాదాలు. ఇప్పుడు అర్థమైంది. తప్పు నాది. ప్రోగ్రాములో నేను మార్చిన ఒక వరుస వల్ల పాత అంకె చెరగకుండా నిలిచిపోతోంది. సవరణ ఇదిగో.” క్రింద అతని పేరు, యావత్ప్రపంచమూ చూసేలా. నేను రెండుసార్లు చదివాను. తప్పు నాదన్న మాటను ఎవరైనా స్వహస్తంతో వ్రాయగా చూడటం నాకు అదే ప్రథమం.

శనివారం ఆ ఉత్తరప్రత్యుత్తరాలను అచ్చు తీయించిన కాగితాలతో మేనేజరు గారి ముందు నిలబడ్డాను. తెల్ల చొక్కాలో కాంటా అన్న ఒక పక్కన ఉన్నాడు. సవరణ వేశాము, ఖాళీ లారీ వెనుక నిండు లారీ, దాని వెనుక మళ్ళీ ఖాళీది తూచాము, మూడు చీటీలూ సరిగా వచ్చాయి. కాంటా అన్నను పనిలోకి వెళ్ళమన్న మేనేజరు గారు, నన్ను మాత్రం ఉండమన్నారు.

“ఈ తప్పు నాదంటున్నవాడు ఎవడయ్యా?”

“తెలియదండీ. ఏ దేశమో కూడా తెలియదు.”

“మన దగ్గర జీతం తీసుకుంటాడా?”

“లేదండీ.”

“మరెందుకు ఒప్పుకున్నాడు? దీని వెనకాల ఏదో ఉంది.” కాసేపు ఆ కాగితాన్ని వెలుతురులో పట్టి చూశారు. “సరే, వాడి సంగతి వదిలెయ్. నీకేమొచ్చింది? నా చెవిలో ఒక మాట వేస్తే నేనే చూసుకునేవాణ్ణి కదా. కాగితం మీద ఎందుకు పెట్టావు?”

నాకు పర్మనెంటు ఆరు నెలలు వెనక్కిపోయింది. ముట్టుకొన్నందుకు కాదు, వ్రాసినందుకు.

బయటికి వచ్చి కాంటా గదిలోకి తొంగిచూశాను. క్షమాపణగా చెప్పదలచిన నాలుగు వాక్యాలు, సమాసాలతో సహా, నాలుక మీద సిద్ధంగా ఉన్నాయి. మొదటిది సగంలో ఉండగానే అతడు చెయ్యెత్తాడు.

“నాకెరుకనే పంతులూ. సోమవారం తిని వచ్చేసరికి నా కుర్చీ కిందికి దించి ఉండె. ఈ ఫ్యాక్టరీల గంత పొట్టోడివి నువ్వొక్కనివే.”

“మరి ఎవరికీ చెప్పలేదేం అన్నా?”

“నువ్వు చెప్తవేమోనని సూసిన. ఐదు రోజులు సూపిచ్చినవ్ గదనే.” అని లారీని రమ్మని సైగ చేసి, చీటీ చింపి డ్రైవరుకు ఇచ్చి, ఇక నా వైపు చూడలేదు.

ఇప్పుడు నా జుట్టు తెల్లబడింది. ఆ వ్యవస్థలోని దోషాలను నివేదిస్తూనే ఇన్నేళ్ళు గడిపాను. అప్పుడప్పుడు ఆ పాత పేజీ తెరిచి, మూడు పుటల స్తుతినీ, దాని క్రింద తలవంచుకొని నిలబడ్డ, నేనే చేశానన్న ఆ ఒక్క వాక్యాన్నీ చదువుకొంటాను. ఆ పొగరుబోతు యువపండితుడి మీద జాలి, నవ్వు, రెండూ కలుగుతాయి. ఆ స్తుతిభాగాన్నైనా తొలగించమని అడుగుదామని రెండుమూడుసార్లు అనుకొన్నాను. అడగాలంటే ఎందుకో వ్రాయాలట. అంత ధైర్యం నాకు మళ్ళీ రాలేదు.