ఉంగరం మింగిన బర్రె వెంట టీచరమ్మ

గురువారం పొద్దున అంగడి షట్టరు సగం ఎత్తానో లేదో, ఫోన్ మోగింది. ఆళ్లగడ్డ నుంచి టీచరమ్మ కూతురు. "అన్నా, మాయమ్మ ప్రభువు దగ్గరికి పోయిందన్నా. నిద్రలోనే" అంది. షట్టరు పూర్తిగా ఎత్తాలో దించాలో కాసేపు తోచలేదు. దించేసి ఆళ్లగడ్డ బస్సెక్కాను.

మీలో చాలామందికి ఆమె తెలియదు. ఆమె రాసింది ఒక్క పేజీ కూడా అచ్చు కాలేదు. ఆళ్లగడ్డలో ఏళ్ళ తరబడి పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. నంద్యాలలో ప్రతి నెలా రెండో ఆదివారం మేం పదిమందిమి కూర్చుని, రాసుకున్నవి ఒకరికొకరు చదివి వినిపించుకుంటాం. ఆమె చర్చిలో ప్రార్థన కాగానే బస్సెక్కి మధ్యాహ్నానికల్లా వచ్చేది. ఒక చేతిలో రూళ్ళ నోటుబుక్కు, ఇంకో చేతిలో అందరికీ సరిపడా బొరుగుల ఉగ్గాని. "ముందు తినండప్పా. ఆకలి మీద వింటే ఎవరి కతా బాగుండదు" అనేది.

మేమంతా కరువు గురించి, ఎండిన బోర్ల గురించి రాసేవాళ్ళం. ఆమె రాసేది ప్రేమ నవల. అందులో రత్నం బస్సు కండక్టరు. పశువుల ఆసుపత్రి కాంపౌండరు ఆమెను ప్రేమిస్తాడు. ఇబ్బందల్లా ఒక్కటే, అతనికి పశువులంటే భయం. పెళ్ళి మాట అడుగుదామని ఉంగరం కొని జేబులో పెట్టుకుంటే, అది కాస్తా తవుడు తొట్లో జారిపడి, ఆసుపత్రికొచ్చిన బర్రె ఒకటి దాన్ని మింగేస్తుంది. ఆ సంగతి తెలియని రైతు బర్రెను సంతలో అమ్మేస్తాడు. ఇక రత్నం, కాంపౌండరు మోపెడ్ మీద ఆ బర్రె కోసం బయలుదేరతారు. వెలుగోడుకు పోతే అది పగిడ్యాలకు చేరి ఉంటుంది, పగిడ్యాలకు పోతే కొత్తపల్లెకు. ఆ తర్వాత నల్లమల అడవి. నెలకో అధ్యాయం.

మొదటి ఏడాది నాకు అది నచ్చలేదు. దాచుకోలేదు కూడా. ఒక ఆదివారం అందరి ముందూ అడిగేశాను. "టీచరమ్మా, మన సీమలో ఇంత బాధ ఉంటే, చదువుకున్న మీరు ఈ ఎనుము కతేంది? ఆ ఉంగరం రెండు దినాల్లో పేడలో పడిపోదా?"

ఆమె కోప్పడలేదు. కళ్ళద్దాలు తీసి పైట కొంగుతో తుడుచుకుంది. "బాధ ఉండాదప్పా. నా బడిలో అది ముందు బెంచీలోనే కూర్చునేది. నాకు తెల్దా? ఏడిపించేది నాకూ వస్తాది. నవ్వించేదే కష్టం. ఆ కష్టమేదో నన్ను పడనీ" అంది. మళ్ళీ అద్దాలు పెట్టుకుని, "ఇంకోటి. ఎనుము ఇనుప మొల మింగినా నెలల కొద్దీ కడుపులోనే ఉంటాదంట. డాక్టర్ను అడిగే రాసినా" అంది.

మరుసటి నెల నవలలోకి కొత్త మనిషి వచ్చాడు. మాటకు ముందొక నిట్టూర్పు, మాట తర్వాత ఇంకో నిట్టూర్పు విడిచే బెల్లం వ్యాపారి. పెళ్ళికి పోయినా పరామర్శకు వచ్చినట్టే కూర్చుంటాడు. చదవడం ఆపకముందే అందరూ నావైపు తిరిగారు. నాది బెల్లం అంగడి. మూతి ముడుచుకుని ఇంటికి పోయి నా భార్యతో చెబితే, ఆమె చేతిలో గరిటె పక్కన పెట్టి మరీ నవ్వింది. "ఆయమ్మ నిన్ను భలే పట్టింది" అంది. అప్పటినుంచి రెండో ఆదివారం సాయంత్రం నేను గడప తొక్కగానే ఆమె అడిగే మాట ఒకటే. "ఎనుము దొరికిందా?"

ఆ తర్వాత మూడేళ్ళకు నా భార్య పోయింది. నేను రాయడం మానేశాను, ఆదివారాలు మానేశాను. నాలుగు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం టీచరమ్మ మా అంగడికి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుంది. ధైర్యంగా ఉండమనలేదు, దేవుడున్నాడనలేదు. నోటుబుక్కు తెరిచింది.

"చిక్కు వచ్చి పడిందప్పా. రత్నమూ కాంపౌండరూ చెట్టెక్కినారు. కింద ఎలుగుబంటి. ఎట్ల దింపేది నాకు తోచల్యా. నువ్వు చెప్పు."

"నాకేం తోచదు టీచరమ్మా. రత్నం దగ్గర విజిల్ ఉండాది కదా, ఊదమనండి."

"విజిల్ ఐదో అధ్యాయంలోనే వాగులో పడిపాయ."

ఆమె లేవలేదు. ఇద్దరు ముగ్గురు గిరాకీలు వచ్చి పోయారు. నేను బెల్లం తూస్తూ, ఎందుకన్నానో తెలియదు, "కాంపౌండరు సంచిలో పశువులకిచ్చే భేది మందు ఉంటాది కదా. బెల్లంలో పెట్టి కిందికి విసిరితే?" అన్నాను.

ఆమె నోటుబుక్కులోంచి తలెత్తింది. "అడివిలో బెల్లం యాడిదప్పా?"

"ఆ బెల్లం వ్యాపారిని మీరే కదా వాళ్ళ వెంట తరిమినారు. వాడి మూటలో ఉండదా?"

టీచరమ్మ స్టూలు మీద ఊగిపోతూ నవ్వింది. ఆ నవ్వు చూసి నాకూ వచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. అంగట్లో అందరూ చూస్తున్నా ఆపుకోలేకపోయాను. ఆమె లేచి నోటుబుక్కు త్రాసు పక్కన పెట్టి, "ఈ అధ్యాయం నువ్వే రాసుకుని ఆదివారం పట్టుకురా. తేకపోతే నేను చదివేదానికి ఏమీ ఉండదు" అని వెళ్ళిపోయింది. రాశాను. నోటుబుక్కు ఇవ్వాలి కాబట్టి పోయాను. ఆ తర్వాత మానలేదు.

చాలా రోజుల తర్వాత, నంద్యాల బస్టాండులో ఆమెను ఆళ్లగడ్డ బస్సెక్కిస్తూ అడిగాను. "టీచరమ్మా, ఎలుగుబంటి చెట్టెక్కుతాది కదా?"

"ఎక్కుతాది. ఎక్కుతాదని తెలిసే కింద నిలబెట్టినా" అంది, కిటికీ పక్కన సర్దుకుని కూర్చుంటూ. "నువ్వు ఆలోచించుకునేదానికి టైం కావల్ల కదప్పా."

నవల పోయినేడు ముగిసింది. బర్రె దొరికింది. ఆపరేషన్ బల్ల దగ్గర కాంపౌండరు మూర్ఛపోతే, ఉంగరం రత్నమే కడిగి తన వేలికి తానే తొడుక్కుంది. మేమంతా చప్పట్లు కొట్టాం. ఇంటికొచ్చి నా భార్య ఫోటో ముందు నిలబడి, "దొరికింది" అని చెప్పాను.

టీచరమ్మకు కడుపులో గడ్డ అని తెలిసింది ఆ తర్వాతే. నంద్యాల ఆసుపత్రిలో మూడు వారాలు ఉంది. చికిత్సతో ఇంక లాభం లేదని డాక్టర్లు ఇంటికి పంపే ముందు రోజు పరామర్శకు పోయాను. ఏం మాట్లాడాలో దారి పొడుగునా లోపల్లోపలే వల్లె వేసుకున్నాను. ఆడవాళ్ళ వార్డు బయటికే నవ్వులు వినిపించాయి. ఆమె దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. చేతిలో మేమెవ్వరం చూడని కొత్త నోటుబుక్కు. చుట్టూ మంచాల మీదివాళ్ళు, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు, మందుల ట్రే పట్టుకుని నర్సమ్మ. పక్క మంచం మీద, ఆపరేషనై రెండు రోజులైన ఒకామె పొట్టను రెండు చేతులతో అదిమిపట్టుకుని, "అమ్మా టీచరమ్మా, ఆపు తల్లీ, కుట్లు తెగిపోతాయి" అని మొత్తుకుంటూ నవ్వుతోంది.

టీచరమ్మ ఆపింది. చదువుతున్న చోట వేలు పెట్టి నోటుబుక్కు మూసింది. అద్దాల పైనుంచి పక్క మంచం ఆమెనే చూస్తూ, ఆ నవ్వు సర్దుకునేదాకా కూర్చుంది.