ఇద్దరు కూర్చుంటే పగిలే బొమ్మ

2022 వానాకాలం. కామారెడ్డిలోని ఒక కేబుల్ ఆఫీసులో నేను సర్వీస్ టెక్నీషియన్‌ని. ఎల్లారెడ్డి వైపు ఊళ్ల ఫిర్యాదులన్నీ నా వంతు. ఆ వేసవిలో నా భార్య చనిపోయింది. నెలన్నర ఇంట్లో కూర్చుని మళ్లీ పనిలోకి వచ్చిన కొత్త. చేతులు పని మరిచిపోలేదు గానీ, చేసింది చేశానా లేదా అన్న అనుమానం వదిలేది కాదు. బండికి స్టాండు వేసి నాలుగడుగులు నడిచాక, వేశానో లేదో అని వెనక్కి తిరిగి చూసుకునేవాణ్ని.

ఎల్లారెడ్డి దాటాక ఒక ఊళ్లో సాయవ్వ అనే పెద్దావిడ ఇల్లు. ఆమె ఫిర్యాదు నాకు చేరేసరికే మావాళ్లు ఇద్దరు విడివిడిగా వెళ్లి వచ్చారు. ఫిర్యాదుల పుస్తకంలో రెండుసార్లూ ఒకటే రాత: ‘పిక్చర్ బ్రేక్’. డిజిటల్ ప్రసారంలో సిగ్నల్ చెడితే పాత టీవీల్లోలా చుక్కలు రావు. బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంది. ముఖం ఒకచోట, నోరు ఒకచోట పడతాయి. మాట తెగుతుంది. మా దగ్గర దాన్ని ‘బొమ్మ పల్గుడు’ అంటారు. పల్గడమంటే పగలడమే.

మొదట వెళ్లినతను బయటి కనెక్టర్లు మార్చాడు. రెండో అతను స్తంభం నుంచి కొత్త వైరే లాగాడు. నేను వెళ్లింది పొద్దున పదకొండింటికి. వైరుకు మీటర్ పెట్టి చూశాను. సిగ్నల్ బలం సరిపోయినంత ఉంది. దాని శుభ్రత ఎంతో చెప్పే ఎం.ఇ.ఆర్. అనే అంకె కూడా బాగుంది. అరగంట టీవీ ముందు కూర్చున్నాను. ఒక్క గడి కూడా విడిపోలేదు.

“ఇప్పుడు పల్గదు బిడ్డా,” అంది సాయవ్వ. “నేనొక్కదాన్నే ఉంటే పల్గదు. అది వచ్చి కూసుంటేనే నాది పల్గుతది.”

“ఎవరవ్వా?”

“ఇంకెవలు, నా కోడలు. దాని సీరియల్ మాత్రం అద్దం లెక్క వస్తది. నాదే పల్గుతది. దాని చెయ్యే గసొంటిది.”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఇలాంటి మాటలు ఈ పనిలో చాలా వింటాం. కాకి వాలితే చానల్ పోతుందనేవాళ్లున్నారు, పక్కింటాయన కళ్లు పడ్డాయనేవాళ్లున్నారు. వినేసి, పుస్తకంలో ఎక్కించకుండా వచ్చేస్తాం. నేనూ అదే చేశాను.

బండి తీస్తుంటే కోడలు స్వప్న వాకిట్లోకి వచ్చింది. ముప్పై లోపు వయసు. భర్త దుబాయిలో ఉంటాడు.

“అన్నా, గా టీవీ రేపటికన్న మంచిగైతదా?”

“ఎందుకమ్మా, అంత తొందర?”

“ఎల్లుండి బీబీపేట నుంచి మా అన్న వస్తున్నడు, నన్ను తోల్కపోను. నేనే రమ్మన్న. నెల సంది ఆమె బొమ్మ పల్గినప్పుడల్ల నేను లేచి వంటింట్లకు పోతున్న. నా చెయ్యి మంచిది కాదని వాడకట్టంత చెప్పింది. ఈసారి పోతే మళ్ల రాను.”

ఆమె ఏడవలేదు. కరెంటు ఎప్పుడొస్తుందని అడిగినట్టు అడిగింది.

దారి పొడుగునా ఆలోచించాను. తప్పు లైనులో ఉందా, బాక్సులో ఉందా, నాలోనే ఉందా? మీటర్ సరిగ్గా చూశానా? ఆఫీసుకు వెళ్లి, అంకెలు రాసుకున్నానో లేదో అని పుస్తకం తీస్తే, అవే అంకెలు రెండుసార్లు రాసి ఉన్నాయి. రెండోసారి ఎప్పుడు రాశానో గుర్తు రాలేదు.

మరునాడు ఏమీ తోచక, ఆ పెద్దావిడ చెప్పింది చెప్పినట్టు చేసి చూద్దామని సాయంత్రం వెళ్లాను.

“ఇద్దరూ రోజూ కూసున్నట్టే కూసోండి,” అన్నాను.

“నేను రాను అన్నా,” అంది స్వప్న వంటింట్లోంచి. “మళ్ల నన్నే అంటది.”

“అననియ్. అంటేనే నాకు తెలుస్తది.”

ఆమె వచ్చి గడప మీద కూర్చుంది. రిమోట్ అందుకుని చానల్ మార్చింది, ఎర్ర బటన్ నొక్కింది, మళ్లీ అత్త చానల్ పెట్టి రిమోట్ కింద పెట్టింది. నిమిషం గడవకముందే సాయవ్వ సీరియల్లో పెళ్లికూతురి ముఖం గళ్లుగళ్లుగా విడిపోయింది.

“సూసినవా బిడ్డా! నేను చెప్పలే?” సాయవ్వ చప్పట్లు కొట్టినంత పనిచేసింది.

స్వప్న లేవబోయింది.

“లేవకు. ఇప్పుడేం నొక్కినవ్?”

“నా సీరియల్ రికార్డు పెట్టుకున్న. రెండూ ఒక్కటే టైముకు వస్తయి. అత్తమ్మది అయినంక నాది చూసుకుంట.”

“నిన్న చెప్పలేదేంది?”

“నన్నెవరు అడిగిండ్రు?”

వైరులో వచ్చే వందల చానళ్లలోంచి ఒకదాన్ని పట్టి ఇచ్చే భాగం ట్యూనర్. మామూలు బాక్సులో అది ఒకటే ఉంటుంది. ఈ బాక్సులో రెండు. ఒకటి చూస్తూ ఇంకొకటి రికార్డు చేసుకోవచ్చు. అత్తాకోడళ్లు రిమోట్ కోసం గుంజుకోకుండా ఉండాలని సాయవ్వ కొడుకు సెలవులో వచ్చినప్పుడు కొన్నాడట. స్వప్న తన చానల్‌కు వెళ్లి రికార్డు పెట్టగానే మొదటి ట్యూనర్ దానికి చిక్కుకుంటుంది. అత్త చానల్ రెండో ట్యూనర్ మీదికి పోతుంది. అందుకే కోడలిది అద్దంలా వచ్చేది, అత్తది పగిలేది. పగలు వచ్చిన మేం ముగ్గురమూ చూసింది మొదటి ట్యూనర్‌నే.

రెండోదానికి సిగ్నల్ వెళ్లేది బాక్సు వెనక ఉండే జానెడు వైరు ముక్క గుండా. బాక్సు తిప్పి చూశాను. ఆ ముక్కకు కనెక్టర్లే లేవు. లోపలి రాగి తీగను రంధ్రంలో దూర్చి పైన టేపు చుట్టారు. రాగి పచ్చగా చిలుము పట్టింది. నిన్న కూడా ఆ టేపు చూశాను. మావాళ్లెవరో చుట్టారనుకున్నాను.

“ఇది ఎవరు కట్టిండ్రవ్వా?”

“నా కొడుకే. దుబాయిల వాడు చేసేది కరెంటు పనే కదా.”

సాయవ్వ ఆ ముక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

“వాడు కడితే గిట్లనే ఉంటది,” అంది చివరికి. “చిన్నప్పుడు చేను కాడ బర్రెను కట్టేసి రమ్మంటే, వాని కన్న ముందుగాల బర్రె ఇల్లు చేరేది.”

స్వప్న కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కొత్త ముక్క కోసి రెండు వైపులా కనెక్టర్లు బిగించి పెట్టాను. రికార్డు నడుస్తూనే ఉంది, పెళ్లికూతురి ముఖం కలిసింది. ప్రకటనలు వచ్చేదాకా కూర్చున్నాను. మళ్లీ పగల్లేదు.

సాయవ్వ కోడలికి తప్పయిందని చెప్పలేదు. టీవీ మీంచి చూపు తిప్పకుండానే అంది: “గడప మీద కూసోకు పిల్లా, లోపలికి జరుగు. రేపు మీ అన్న వస్తే ఆదివారం దాక ఉండి పొమ్మను. కోడిని కోద్దాం. ఒక్కడే పోతడు మరి, ముందుగాల్నే చెప్పు.”

“చెప్త అత్తమ్మా,” అని స్వప్న లోపలికి జరిగింది.

ఆఫీసుకు వచ్చాక పుస్తకంలో ‘పిక్చర్ బ్రేక్’ కొట్టేసి, ‘అది వచ్చి కూసుంటేనే నాది పల్గుతది’ అని రాశాను. ఫోన్లు ఎత్తే అమ్మాయి చదివి, “ఇదేం కంప్లైంట్ సార్?” అంది. “ఆమె చెప్పింది గదే,” అన్నాను. అప్పటి నుంచి ఎవరు ఏ మాటలో చెబితే ఆ మాటే రాసుకుంటున్నాను. లోపం ఎక్కడుందో ఆ పెద్దావిడ మొదటి రోజే చెప్పింది. కారణం తప్పు చెప్పింది, అంతే. కారణం వెతకడం నా పని, ఆమెది కాదు.

ఇది నాకు కొంచెం ముందు తెలిసి ఉండాల్సింది. ఆ వేసవికి ముందు నా భార్య ఒకరోజు అంది: “మెట్లెక్కుతుంటే దవడ పండ్లు గుంజుతున్నయ్. ఆగితే తక్కువైతది.” నేను పండ్లు అన్న మాట ఒక్కటే విన్నాను. పండ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చూసి పండ్లు బాగున్నాయన్నాడు. నిజంగానే బాగున్నాయి. మెట్ల సంగతి నేను ఆయనకు చెప్పలేదు.

తర్వాత ఆసుపత్రిలో గుండె డాక్టరు నన్ను బయటికి పిలిచి రెండే అడిగాడు. ఆ నొప్పి నడిస్తే వచ్చేదా, ఆగితే తగ్గేదా అని. ఆ రెండింటికీ ఆమె ఎప్పుడో జవాబు చెప్పింది.