సీటు కదపొద్దన్నాను

మా ఆయన కారు సర్వీసింగ్‌కి ఇచ్చి ఇంటికొచ్చే మనిషి కాదు. పొద్దున్నే పర్చూరు నుంచి ఒంగోలు వెళ్ళేవాడు, పెరుగన్నం కారియర్‌తో, ఒక మడత కుర్చీతో. హైవే పక్కన షోరూము. కారుని ఎక్కడ పైకెత్తితే అక్కడే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. 'కస్టమర్లు లోపలికి రాకూడదు' అని గోడ మీద ఇంతింత అక్షరాలతో రాసి ఉండేది. ఆయనకి చదవడం రాక కాదు. చదివి, సరిగ్గా దాని కిందే కుర్చీ వేసేవాడు.

ఇది ఆయనకి గుంటూరు మిరప యార్డు నేర్పిన బుద్ధి. మా మామగారు కాయ అమ్మడానికి తీసుకెళ్ళినప్పుడల్లా ఈయన్ని బస్తాల మీద కూర్చోబెట్టి, "కాటా అయ్యేదాకా ఇక్కణ్ణుంచి లేవమాక. నువ్వు వీపు తిప్పితే మన ఎర్రకాయ పోయి తాలుకాయ వస్తది" అని చెప్పేవాడట. ఆ ఘాటుకి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా, తుమ్ములు తుమ్ముతూ అక్కడే కూర్చునేవాడట. తర్వాత బస్తాలకే కాదు, దేనికైనా అదే పద్ధతి. మరలో కారం పట్టిస్తే మర పక్కనే. దర్జీకి గుడ్డలిస్తే కత్తెర పడేదాకా అక్కడే. నాకు తల కొట్టేసినట్టుండేది.

"ఏవండీ, ఆ మెకానిక్కులు మీ కారుని ఏం చేసుకుంటారు? లోపల ఏసీ గదిలో సోఫాలున్నాయి, కాఫీ ఇస్తారు, మర్యాదగా కూర్చోవచ్చుగా" అనేదాన్ని.

"నీకు తెలీదే. మనది కాని వస్తువు చేతికొస్తే మనిషికి రెక్కలొస్తాయి" అనేవాడు.

"అబ్బో, చెప్పొచ్చారు" అని నేను నవ్వేదాన్ని. సాయంత్రం కారియర్‌లో సగం అన్నం మిగుల్చుకొచ్చేవాడు. కళ్ళు కారు మీద పెట్టుకుని తినే మనిషికి అన్నం ఎక్కడ దిగుతుంది? దానికి మళ్ళీ నేను తిట్లు.

రెండేళ్ళ కిందట, మిరప కోతలప్పుడు ఆయన పోయాడు. యార్డుకి కాయ వేసి, తనే కారు నడుపుకుంటూ వచ్చాడు. కారు రేకుల షెడ్డులో పెట్టి, మంచినీళ్ళడిగి, వసారాలో మంచం మీద వాలాడు. నేను చెంబుతో వచ్చేసరికి మనిషి లేడు. ఆ గొడవంతా అయ్యాక, చాలా రోజులకి షెడ్డులోకి వెళ్ళి చూస్తే కారు తలుపు సగమే వేసి ఉంది.

నాకు కారు నడపడం ఆయనే నేర్పాడు. పత్తికట్టె పీకేసి ఖాళీగా ఉన్న మా చేలో, గట్లకి గుద్దుకోకుండా తిప్పించేవాడు. ఆయన పొడుగు మనిషి. నేను ఆయన భుజం దాకా కూడా రాను. నేను కూర్చునేటప్పుడు సీటు ముందుకి లాగేవాడు, నేను దిగాక వెనక్కి తోసుకునేవాడు. "నిన్ను కట్టుకున్నాక నా బతుకంతా ఈ సీటు లాగడం, తోయడంతోనే సరిపోయింది" అని సణిగేవాడు. "అయితే ఇంకో పొడుగు పెళ్ళాన్ని తెచ్చుకోకపోయారా" అనేదాన్ని. చేలో కూలీలు నవ్వుకునేవారు.

ఆయన పోయాక మొదటిసారి కారెక్కి కూర్చున్న రోజు బాగా గుర్తు. లోపలంతా మిరపకాయ ఘాటు. ఏళ్ళ తరబడి డిక్కీలో శాంపిల్ కాయలు తిప్పీ తిప్పీ ఆ ఘాటు సీట్లకి పట్టేసింది. తుమ్ము వచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. కాళ్ళు అందలేదు. సీటు ముందుకి లాక్కుందామని కిందకి చెయ్యి పెట్టాను. చేతికి కమ్మీ తగిలింది. తగిలాక చెయ్యి ఆగిపోయింది. ఆ సీటు ఆయన లేచి వెళ్ళిన చోట ఉంది. ఇంట్లో ఆయన మంచం ఎత్తేశారు, చొక్కాలు ఎవరెవరికో ఇచ్చేశారు, చెప్పులు కూడా ఏమయ్యాయో తెలీదు. ఆయన కాళ్ళు ఎంత పొడుగో, వీపు ఎక్కడ ఆనించేవాడో చెప్పడానికి ఈ లోకంలో అదొక్కటే మిగిలింది. నేను లాగితే ఇంక తోసేవాడు లేడు.

ఇంట్లోకెళ్ళి దిండు తెచ్చుకున్నాను. మా చేలో పత్తితో కుట్టించిన గట్టి దిండు. దాన్ని వీపు వెనక పెట్టుకుంటే బొటనవేలు క్లచ్ మీదకి అందింది. వెనక చూసుకునే అద్దం కూడా ఆయన చూపుకే ఉంది, నాకు కారు కప్పు తప్ప ఏమీ కనపడదు. దాన్నీ కదపలేదు. పక్కనే ఇంకో చిన్న అద్దం అతికించుకున్నాను. ఊళ్ళో అంతా నవ్వారు. మా మరిది, ఆయన తమ్ముడు, "వదినా, కాలు జారితే గోడకి గుద్దుతావు. సీటు ముందుకి లాక్కోరాదా" అని ఎన్నిసార్లో చెప్పి చూశాడు. "నీ పని నువ్వు చూసుకో" అన్నాను. నా కోపం అందరికీ తెలిసిందే, ఇంక ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అలా చీరాల వెళ్ళొచ్చాను, గుంటూరు వెళ్ళొచ్చాను. ఒంటరిగా వెళ్ళినట్టు ఉండేది కాదు. వీపుకీ సీటుకీ మధ్య దిండు ఉన్నంత మేర ఆయన కూర్చున్నట్టే ఉండేది. పిచ్చి అనుకుంటే అనుకోండి.

సర్వీసింగ్ టైము దాటిపోయిందని షోరూము వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఒక శనివారం తీసుకెళ్ళాను. మడత కుర్చీ గుర్తురాక కాదు. మగవాళ్ళ మధ్య కుర్చీ వేసుకుని కూర్చోవడానికి సిగ్గేసింది. కార్లు అప్పగించుకునే కుర్రాడు టై కట్టుకుని, "ఒక పార్టు రావాలి మేడం, రేపు మాకు సెలవు, సోమవారం వచ్చి తీసుకెళ్ళండి" అన్నాడు.

"సరేనయ్యా. ఒక్క మాట. డ్రైవర్ సీటు మాత్రం కదపొద్దు."

"నడిపేటప్పుడు అడ్జస్ట్ చేసుకోవాలి కదా మేడం."

"అందుకే ఇదిగో దిండు. కాళ్ళు అందకపోతే ఇది పెట్టుకుని నడపండి."

అతను దిండు వంక చూశాడు, నా వంక చూశాడు. "అలాగే మేడం" అన్నాడు, నవ్వు ఆపుకుంటూ. నేను బస్సెక్కి ఇంటికొచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం పప్పులో తాలింపు వేస్తుంటే ఫోను. మా పెదనాన్న కూతురు. పిల్లల్ని తీసుకుని కొత్తపట్నం సముద్రానికి వెళ్ళిందట.

"అక్కా, నువ్వూ వచ్చావా? చెప్పనే లేదేం? మీ కారు ఇక్కడుంది."

"నా కారు సర్వీసింగ్‌లో ఉందే. ఎవరిదో చూసుంటావు."

"నంబరు నాకు తెలీదా ఏంటి? అద్దాలు రెండు పక్కపక్కన ఉన్న కారు ఇంకెవరికుంది? నలుగురు మగాళ్ళున్నారు. పాటలు పెట్టారు, బానెట్ మీద చేపల వేపుడు పెట్టుకుని తింటున్నారు. ఒకడేమో ఇసకలో దిండేసుకుని పడుకున్నాడు."

"ఏం దిండు?"

"తెల్లది, నీలం గీతలది."

గరిటె ఎక్కడ పెట్టానో తెలీదు. తాలింపు మాడిపోయింది. బానెట్ మీద చేపలు తిననీ, పాటలు పెట్టుకోనీ, నాకేం? దిండు ఇసకలో ఉందంటే నడిపినవాడి వీపు వెనక లేదు. దిండు లేకుండా నడిపాడంటే సీటు ముందుకి జరిపినట్టే. "ఓరి మీ దుంపల్ తెగ" అని గోడకేసి అరిచాను. ఆ రోజు అన్నం తినలేదు.

సోమవారం షోరూము తలుపులు తీసేసరికి నేను అక్కడున్నాను. కారు తళతళా మెరుస్తోంది, కొత్త పెళ్ళికూతురికి చేసినట్టు చేశారు. తలుపు తీస్తే ఏదో సెంటు వాసన గుప్పుమంది. మిరప ఘాటు లేదు. సీటు దాకా వంగి వాసన చూశాను, తుమ్ము రాలేదు. సీటు ముందుకొచ్చి ఉంది, వీపు పలక వెనక్కి వాలి ఉంది. అద్దం ఇంకెవరి మొహానికో తిరిగి ఉంది. దిండు డిక్కీలో, తడిసి ఆరి, ఉప్పుతో గట్టిపడి ఉంది.

ఇంక నా నోరు ఎవరాపగలరు? మేనేజరు గది అద్దాలు మోగిపోయాయి.

"టెస్ట్ డ్రైవ్ మేడం, సర్వీసింగ్ అయ్యాక మా వాళ్ళు ఒక రౌండు వేయాలి" అన్నాడు మేనేజరు.

"సెలవు రోజున టెస్ట్ డ్రైవేంటయ్యా? కొత్తపట్నం దాకానా? చేపల వేపుడు కూడా టెస్టేనా? కాపలా పెట్టిన కంచే చేను మేస్తే ఇంక ఎవరితో చెప్పుకోవాలి?"

కాఫీలు తాగుతున్న వాళ్ళంతా ఇటే చూస్తున్నారు. ఆయన కంగారుగా లేచి, "మేడం, తప్పే. ఒప్పుకుంటున్నాను. వాళ్ళ మీద యాక్షన్ తీసుకుంటాను. మీకు సర్వీసింగ్ ఫ్రీ. కానీ చూడండి, కారు మీద ఒక్క గీత కూడా పడలేదు. ఇంతకీ మీకు ఏం పోయిందో చెప్పండి" అన్నాడు.

ఎద్దు పుండు కాకికి ముద్దంటారు. ఏం చెప్పను? మా ఆయన కూర్చున్న చోటు పోయిందని చెప్పనా? చెబితే, పాపం, మతి చలించింది అనుకుంటారు.

మేనేజరు పిలిస్తే ఒక మెకానిక్ వచ్చాడు. పెద్దవాడే, జుట్టు నెరుస్తోంది. చేతులు కట్టుకుని, "మావోడి పెళ్ళి కుదిరిందమ్మా, పార్టీ అడిగాం. బస్సులో పోదామనే అనుకున్నాం. తాళాలు చేతిలోనే ఉన్నాయి, బుద్ధి గడ్డి తింది" అన్నాడు. తర్వాత కారు దగ్గరకి నాతో వచ్చి, తలుపు తీసి, నేల మీద మోకాళ్ళేసి సీటు కింద కమ్మీ పట్టుకున్నాడు.

"కదపొద్దన్నారంట కదమ్మా. మళ్ళీ అట్టాగే పెడతాను. ఎక్కడుండేదో చెప్పండి."

వెనక్కి అని తెలుసు. ఎంత వెనక్కి? అన్నాళ్ళు కూర్చున్నాను, గుర్తు పెట్టుకోవాలని తోచలేదు. అక్కడుందిగా, ఎక్కడికి పోతుంది అనుకున్నాను. అతను మోకాళ్ళ మీదే ఉండి నా మొహంలోకి చూస్తున్నాడు. "లే నాయనా" అన్నాను.

ఇంటికొచ్చాక మరిదిని పిలిచాను. అన్నదమ్ములిద్దరూ ఒకటే పొడుగు. "కూర్చో" అన్నాను. "అన్నయ్య సీట్లోనా" అని నసిగాడు. కూర్చున్నాడు. నేను ఎప్పుడూ కూర్చునే ఎడమ పక్క కూర్చున్నాను. అతను కమ్మీ లాగి వెనక్కి జరిగాడు. టక్కుమంది.

"ఇక్కడా వదినా?"

"ఇంకాస్త వెనక్కి."

"ఇక్కడా?"

"కాదు. కొంచెం ముందుకి."

కళ్ళు మూసుకుని చిలకలూరిపేట రోడ్డు తలుచుకున్నాను. ఆయన మోచెయ్యి కిటికీ మీద పెట్టి, నాతో ఏదో వాదించడానికి ఇటు తిరిగేవాడు. ఆ తిరిగిన మొహం ఎంత దూరంలో ఉండేది? భుజం కిటికీలో ఎక్కడికొచ్చేది? కళ్ళు తెరిస్తే మరిది ఉన్నాడు. ఎక్కడ కూర్చోబెట్టినా మరిదే. చివరికి దిండు కొలత ఉందిగా అని నేనే ఎక్కి వెనక పెట్టుకుని చూశాను. సముద్రం నీళ్ళకి పత్తి ఉండలు కట్టింది. ఒక పక్క గుచ్చుకుంటోంది, ఒక పక్క గుల్ల. నేను స్టీరింగ్ మీద తల పెట్టి ఏడుస్తుంటే మరిది దిగి, షెడ్డు బయట మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు. అతని అన్నే కదా.

ఆ వారంలోనే సీటు ముందుకి లాక్కున్నాను. క్లచ్ మీద కాలు పూర్తిగా ఆనింది. పెద్ద అద్దం నాకు సరిచేసుకుని, అతికించిన చిన్న అద్దాన్ని పీకేశాను. రోడ్డంతా ఎంత బాగా కనపడిందో! ఎంత సుఖంగా ఉందో, అంత బెంగగా ఉంది. మిరప ఘాటు వస్తుందేమోనని ఒక శాంపిల్ సంచి డిక్కీలో పడేశాను. వాసన వచ్చింది గానీ అది ఈ ఏటి కాయ.

మళ్ళీ సర్వీసింగ్ వచ్చింది. ఈసారి అటక మీద నుంచి మడత కుర్చీ దించాను. పెరుగన్నం కలిపి కారియర్‌లో పెట్టుకున్నాను. షోరూములో టై కుర్రాడు పరిగెత్తుకుంటూ వచ్చి గోడ మీద రాత చూపించాడు. "చదివానయ్యా" అని దాని కిందే కుర్చీ వేశాను. సిగ్గనిపించలేదు.

ఆ మెకానిక్కే వచ్చాడు. నన్ను చూసి గుడ్డకి చేతులు తుడుచుకున్నాడు. ఎక్కడి నుంచో ఒక దిండు తెచ్చాడు, వాళ్ళింట్లోదే అనుకుంటాను, ఉతికిన గలీబుతో. "ఈసారి సీటు ముట్టుకోనమ్మా. ఇది పెట్టుకునే నడుపుతాను" అన్నాడు.

"అక్కర్లేదు నాయనా, ఎట్టా కావాలంటే అట్టా కదుపుకో" అన్నాను. "ఇప్పుడది నా సీటే."

అతనికి అర్థమైందో లేదో, దిండుని తన పనిబల్ల మీద పెట్టాడు. తర్వాత వెళ్ళి కారుని పైకెత్తాడు. నేను కారియర్ విప్పుకున్నాను. కాపలా కాయడానికి అందులో ఇంకేమీ లేదు. అయినా పని పూర్తయ్యేదాకా లేవలేదు. అన్నం సగం మిగిలిపోయింది.