తంగేడుకు తాడు పట్టినవాడు

వంకర కనిపిస్తే ఈశ్వరయ్య చెయ్యి ఊరుకోదు. యూనివర్సిటీ తోటల్లో మాలీగా చేరిన కొత్తలో ఆయనకు ఎవరూ ఏదీ కూర్చోబెట్టి నేర్పలేదు. పాత మాలీల వెనక నిలబడి, వాళ్ల చేతులు చూసి నేర్చుకున్నాడు. రెండు కర్రలు పాతి, మధ్యన తాడు బిగించి, ఆ తాడు వెంట పెద్ద కత్తెర నడిపిస్తే డురంటా మొక్కల కంచె గోడ కట్టినట్టు తేలేది. కత్తెర తనే సానబెట్టుకునేవాడు. ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. రిటైరయ్యే దాకా పెద్ద భవనాల ముందు కంచెలన్నీ ఆయన కత్తెర కిందివే.

ఆ పనిలో పువ్వుకు చోటు లేదు. కంచె పూసిందంటే కత్తెర ఆలస్యమైందని అర్థం.

ఆయనది జమ్మలమడుగు దగ్గర పల్లె. ఉద్యోగం దొరికాక భార్య అన్నపూర్ణను తెచ్చుకుని తార్నాకలో ఒక గల్లీలో, భారతమ్మ ఇంటి పైపోర్షన్‌లో అద్దెకు దిగాడు. మళ్లీ ఇల్లు మారలేదు. కింద భారతమ్మ, ఆమె కూతురు కరుణ కుటుంబం ఉండేవారు.

భారతమ్మ ఏటా బతుకమ్మ ముందు తెల్లవారుజామునే క్యాంపస్‌లో హాస్టళ్ల వెనక ఉన్న రాళ్ల గుట్టకు పోయి తంగేడు పూలు తెచ్చుకునేది. మోకాళ్లు అరిగాక గుట్ట ఎక్కలేకపోయింది. ఒక ఎండాకాలం ఎవరితోనో ఎండిన కాయలు తెప్పించి, గింజలు ఒలిచి, వేడి నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టింది. గేటు పక్కన మట్టిలో గుంట తీస్తుంటే ఈశ్వరయ్య మెట్ల మీద నిలబడి నవ్వాడు.

"తంగేడును ఇంట్లో పెంచుతారామ్మా ఎవరన్నా? మా పక్క దాన్ని మేకలు గూడా ముట్టవు."

"ముట్టకుంటే మంచిదే కద ఈశ్వరయ్యా. పూలన్నీ మాకే," అంది భారతమ్మ.

మొక్క లేచింది. ఈశ్వరయ్య జాలిపడి ఒకరోజు బకెట్ నీళ్లు పోయబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు. నీళ్లు ఎక్కువైతే ఆకే వస్తది, పూత రాదు." రెండో ఏటికి చెట్టు నడుమెత్తు పెరిగి పూసింది. ఏటా కాయలు ఎండిపోయాక, వానలు పడకముందే, ఆమె కొడవలితో కొమ్మల కొసలు కొట్టేది. ఎగుడుదిగుడుగా కొట్టేది. పైనుంచి చూస్తుంటే ఈశ్వరయ్యకు చేతులు దురద పుట్టేవి. ఎప్పుడు కొట్టాలో ఆమెను చూసి ఆయనకు తెలుసు. ఎట్లా కొట్టాలో ఆమెకు తెలియదని ఆయన నమ్మకం.

పోయిన ఏడు పండుగకు కొద్ది రోజుల ముందు భారతమ్మ చనిపోయింది. ఆ ఏడు కింది ఇంట్లో బతుకమ్మ ఎత్తలేదు. ఈ ఏడు కరుణ మొదటిసారి తన చేత్తో బతుకమ్మను పేర్చాలి. అమ్మ వేసిన చెట్టు పూలు తప్ప వేరే తంగేడు పెట్టనని మెట్ల మీద కూర్చుని అన్నపూర్ణతో చెప్పుకుంది. వినాయక చవితి అయిన వారంలో సిద్దిపేటలో అత్తగారు కాలు విరగ్గొట్టుకుంటే బ్యాగు సర్దుకుని బయల్దేరింది. ఆటో ఎక్కుతూ ఈశ్వరయ్యతో ఒక్కమాటే అంది.

"అన్నా, చెట్టును జర చూస్తుండు."

ఆయన చూశాడు. ఆ వానలకు తంగేడు ఇష్టం వచ్చినట్టు పెరిగి ఒక కొమ్మ గేటు మీదికి, ఒకటి గోడ అవతలికి పోయాయి. అన్నపూర్ణ మెట్టుగూడలో తమ్ముడింటికి పోయిన రోజున రెండు కర్రలు పాతాడు, తాడు కట్టాడు. కొసల్లో ఆకుపచ్చ మొగ్గలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. అవి ఆయనకు కనబడకపోలేదు. కనబడినా చెయ్యి ఆగలేదు. సాయంత్రానికి తంగేడు డబ్బాలా తయారైంది. మొగ్గల కొమ్మలు మున్సిపాలిటీ చెత్తబండిలో వేసేశాడు. కత్తెరకు నూనె రాసి, మెట్టు మీద కూర్చుని భార్య కోసం ఎదురుచూశాడు. చూసి బాగుందంటుందని.

అన్నపూర్ణ గేటు తీసి అట్లాగే నిలబడిపోయింది.

"ఏందయ్యా ఇది?"

"చదునుగా లేదూ?"

"కరుణ మొకం ఎట్లా చూస్తావు?" అని, మెట్ల మీద విన్నదంతా చెప్పింది.

ఈశ్వరయ్య నోట మొదట వచ్చిన మాట, "సీతాఫల్‌మండి మార్కెట్‌లో గోతాలకు గోతాలు దొరుకుతుంది గదే."

"ఆయమ్మ చేత్తో వేసిన చెట్టు పూలు అమ్ముతారా ఆడ?" అని ఆమె లోపలికి పోయింది.

మర్నాటి నుంచి ఆయన చెట్టుకు నీళ్లు పోశాడు. పేడ ఎరువు వేశాడు. భారతమ్మ వద్దన్న పని అదే అని చేస్తూ చేస్తూనే గుర్తొచ్చింది. కత్తిరించిన కొమ్మ మళ్లీ మొగ్గ తొడగాలంటే ఎంత పడుతుందో ఆయనకంటే తెలిసినవాళ్లు ఆ గల్లీలో లేరు. పండుగ దాటిపోతుంది. తెలిసీ పోశాడు. లేత ఆకు దట్టంగా వచ్చింది. మొగ్గ ఒక్కటీ లేదు.

ఎదురింటి అమల వారాసిగూడ పిల్ల. నోరు ఊరుకోదు. పాలప్యాకెట్ కోసం గేటు దగ్గరికి వచ్చి అరిచింది.

"ఏం అన్నా, మా బతుకమ్మకు గుండు గీకిచ్చినవ్?"

నలుగురు ఆడవాళ్లు నవ్వారు. ఈశ్వరయ్యకు చెవులు కాలిపోయాయి. "పురుగు పట్టిందమ్మా. కొట్టకపోతే చెట్టే పొయ్యేది," అన్నాడు.

ఎంతో సులువుగా వచ్చింది ఆ అబద్ధం. మాలీగా చేసినన్నాళ్లూ మొక్క చస్తే మట్టి బాగాలేదనేవాడు, నీళ్లు బాగాలేవనేవాడు. తన చెయ్యి అని ఎప్పుడూ అనలేదు.

బతుకమ్మ మొదలయ్యే అమావాస్య ఇంకా రెండు రోజులుందనగా కరుణ వచ్చింది. బ్యాగు చేతిలో ఉండగానే చెట్టు ముందు ఆగింది. ఈశ్వరయ్య పైన పిట్టగోడ వెనక నిలబడ్డాడు. దిగి రాలేకపోయాడు.

అమల తన గేటు నుంచే అందుకుంది. "పురుగు పట్టిందంట అక్కా! మా డాక్టరుసాబ్ ఆపరేషన్ చేసిండు."

కరుణ ఒక కొమ్మ కొస వేళ్ల మధ్య పట్టుకుని చూసింది. "ఔ. గీ చెట్టుకు పట్టుడు అలవాటే," అని లోపలికి పోయింది.

తిట్టి ఉంటే ఈశ్వరయ్య ఏదో ఒకటి తిరిగి అనేవాడు. అమల ముందు తన అబద్ధాన్ని ఆమె మోసింది. ఆ రెండు రోజులు ఆయన మెట్లు దిగాలంటే కింది తలుపు మూసి ఉందో లేదో చూసుకుని దిగాడు.

పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ నాడు, చీకటి ఉండగానే గుడ్డసంచి తీసుకుని హాస్టళ్ల వెనక గుట్టకు నడిచాడు. కత్తెర తీసుకుపోలేదు. కింద పొదలన్నీ ఎవరో ముందే కోసుకుపోయారు. పైకి ఎక్కాల్సి వచ్చింది. రాళ్లు పట్టుకుని ఎక్కుతుంటే మోకాళ్లు నొప్పి పుట్టాయి. భారతమ్మ ఎన్నేళ్లు ఎక్కిందో ఇది. గోటితో ఒక్కొక్క గుత్తీ గిల్లాడు. ఒక్క కొమ్మా విరగకుండా, వెనక మొగ్గలు మిగిలేట్టు గిల్లాడు. ఎండ ఎక్కేసరికి సంచి సగం కూడా కాలేదు.

తిరిగొచ్చేసరికి కింది వరండాలో తాంబాలం ముందు కరుణ, అమల, అన్నపూర్ణ కూర్చుని ఉన్నారు. గునుగు, బంతి, కట్ల పూలు కుప్పలుగా పోసి ఉన్నాయి. గుమ్మడి ఆకులు పరిచి ఉన్నాయి. వాటి మీద మొదట పెట్టేది తంగేడు. అది లేక కరుణ చేతులు ఖాళీగా ఒళ్లో ఉన్నాయి.

"వచ్చిండు డాక్టరుసాబ్," అంది అమల, సంచిలోని తంగేడు పూలు చూసి. "గాడ తంగేడుకు పట్టలేదా అన్నా పురుగు? మా గల్లీల దానికే పట్టిందా?"

"ఊకో అమలా," అంది కరుణ తలెత్తకుండా. "చెప్పిన కద, దానికి అలవాటే అని."

ఈశ్వరయ్య చెప్పులు విడిచాడు. సంచి కింద పెట్టలేదు.

"పట్టలేదమ్మా," అన్నాడు. "పురుగూ లేదు, ఏమీ లేదు. మొగ్గలు చూసినా. చూసే కొట్టినా. చదునుగా ఉంటే బాగుంటుందని."

అమల నవ్వు ఆగిపోయింది. అన్నపూర్ణ చేతిలోని గునుగు కట్ట పక్కన పెట్టింది.

"ఎరుకేనన్నా," అంది కరుణ. "వచ్చిన్నాడే చూసిన. పురుగు కొడితే గట్ల ఒక్క లెవల్ల కొడ్తదా?"

ఈశ్వరయ్య ఆకుపసరు పట్టిన గోళ్లను అరచేతుల్లోకి ముడుచుకున్నాడు.

"మా అమ్మ ఉంటే నిన్ను మస్తు తిట్టేది. నాకు తిట్టుడు రాదు." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. గేటు పక్క డబ్బాలాంటి చెట్టు వైపు కాసేపు చూసింది. "సంచి ఇటియ్యి. పూలు వాడుతున్నయ్."

ఆ సాయంత్రం గల్లీలో ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే ఈశ్వరయ్య ఎప్పటిలా పిట్టగోడ దగ్గర నిలబడలేదు. లోపల కుర్చీలో కూర్చుని పాట విన్నాడు.

కార్తీకంలో తంగేడు పూసింది. ఒకే ఎత్తున కొట్టడం వల్ల కొసలన్నీ ఒకే ఎత్తున పూసి, పసుపు దుప్పటి పరిచినట్టు కనబడింది. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. క్యాంపస్‌లో చదివే ఒక అమ్మాయి ఫోన్‌తో ఫొటో తీసుకుంది.

"ఎంత బాగుందో అంకుల్! ఇంత చక్కగా కట్ చేసింది మీరేనా?"

ఈశ్వరయ్య గేటు గొళ్లెం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కింది కిటికీలో కరుణ ఉంది. వింటూనే ఉంది.

"కట్ చేసింది నేనేనమ్మా," అన్నాడు. "అందుకే పండక్కి పూయలేదు."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ఆయన తల దించుకుని మెట్లెక్కిపోయాడు.