గూడ్సు పోయేదాకా

గుఢియారీ బస్తీలో మా బొమ్మల మావయ్య పోయాడని తెలిసినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. మా అమ్మది మిగిలిన ఒకే ఒక్క ఫొటో ఆయన దగ్గరే ఉంది. బొమ్మ వెయ్యమని నేనే ఇచ్చి, రెండేళ్లుగా అటు తొంగి చూడలేదు.

మావయ్య అంటే చుట్టమేమీ కాదు. రైల్వేలో బండి డబ్బాల మీద అక్షరాలు రాసి రిటైరయ్యాక, ఇంటి ముందుగదిలో మనుషుల బొమ్మలు వేసేవాడు. ఈ హిందీ ఊళ్లోని తెలుగు ఇళ్లలో గోడలెక్కిన పెద్దలంతా ఆయన చేతిమీదుగా ఎక్కినవాళ్లే. గది పట్టాలకి ఎంత దగ్గరంటే, రంగుసీసాలు దొర్లిపోకుండా ఒక్కోదానికీ తాడుకట్టి మేకుకి బిగించాడు. గూడ్సు వస్తే కుంచె పైకెత్తి ఆగిపోయేవాడు. గదిలో ఉన్నవాళ్లం మేమూ చేతులెత్తి నిలబడాలి, దేన్నీ తాకకూడదు. మీకు నవ్వొస్తుందేమో గానీ, ఆయన ముందు నవ్వితే చీవాట్లే.

"గాడీ పోనీ! జల్దీ ఏటి నీకు? పోయినోలు ఇంకెక్కడికి పోతారు?"

ఆఖరిసారి వెళ్లినప్పుడు అమ్మ మొహమంతా వేసి, నోటి దగ్గర ఆపాడు.

"ఫొటోలో బిగదీసుకుని కూకుంది మీయమ్మ. నవ్వితే ఏ పక్క ముందు కదిలేదో సెప్పు."

నాకు గుర్తు రాలేదు. కన్నతల్లి నవ్వు గుర్తులేదని చెప్పడానికి సిగ్గేసి, అక్కని అడిగొస్తానని లేచొచ్చాను. మర్నాడే అక్క చెప్పింది, ఎడమ పక్కని. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూ ఉండిపోయాను. నా బద్ధకం తగలెయ్య.

దినాలైన మర్నాడు పరుగెత్తేసరికి గుమ్మంలో పాతసామాన్లు కొనే కబాడీ బండి. సాయంత్రానికి గది ఖాళీ చెయ్యాలట. బొమ్మల చట్రాలన్నీ బండివాడు అప్పుడే మోపు కట్టేశాడు.

"గోడకి తిప్పెట్టినవి మీ మావయ్య ఎవుల్నీ ముట్టనిచ్చేవోడు కాదమ్మా. ఏది ఎవులిదో నాకేటి తెలుసు? బేగి సూసుకో," అంది అత్త.

"జల్దీ కరో దీదీ," అన్నాడు బండివాడు.

ముడి ఊడదీసి ఒక్కోటీ తిప్పి చూశాను. మూడోది కాదు, నాలుగోది కాదు. అడుగున దొరికింది అమ్మ. కళ్లున్నాయి, ముక్కుపుడక ఉంది, నోరు లేదు. వెనక ప్లాస్టిక్ కవర్లో ఫొటో, పక్కన పెన్సిలు రాత: "పిల్ల అక్కనడిగి వస్తాది. ఆగాల."

ఆగాడు. నేనే వెళ్లలేదు.

అంతలో గూడ్సు వచ్చింది. సీసాలు గలగలమన్నాయి. అత్త చటుక్కున రెండు చేతులూ పైకెత్తింది. నేనూ బొమ్మ వదిలి చేతులెత్తాను. బండివాడు మమ్మల్ని వింతగా చూశాడు.

చివరి డబ్బా వెళ్లిపోయాక, "ఎడమ పక్క, మావయ్యా," అన్నాను.

అత్త ఇంకా చేతులు దించలేదు.