ఉంగురేయాను గారితో ఏషియన్ టౌన్‌కి: ఇంటిపేరు అడిగిన శుక్రవారం

ఈ ప్రయాణం మొదలైంది ఒక ఇంటిపేరు దగ్గర. దోహాలోని అల్ హిలాల్‌లో మా పిన్ని కూతురు సుజాత ఉంటుంది. జనవరిలో బ్యాంకుకు సెలవు పెట్టి పది రోజులు దాని దగ్గరికి వెళ్ళాను. వాళ్ళ పై అంతస్తులో ఉండే ఎలెనా రోజూ సాయంత్రం టీకి కిందికి వచ్చేది. రొమేనియా మనిషి, ఇక్కడొక బడిలో సంగీతం చెబుతుంది. నాకేమో చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు ఉంది. కొత్త మనిషి కనపడితే ఇంటిపేరు అడగనిదే నాకు ముద్ద దిగదు. పరిచయమైన మొదటి రోజే అడిగేశాను. "ఉంగురేయాను" అంది. దాని వెనక ఇంత కథ ఉంటుందని నేననుకోలేదు. ఆ మాటకు హంగరీ వైపు నుంచి వచ్చినవాడు అని అర్థమట. కానీ వీళ్ళు హంగరీ వాళ్ళు కారు, అసలు సిసలు రొమేనియన్లే. ఒకప్పుడు ట్రాన్సిల్వేనియా హంగరీ ఏలుబడిలో ఉండేది. అక్కడి నుంచి కొండలు దాటి మొల్దావియా ఊళ్ళకు బతకడానికి వచ్చిన వాళ్ళను ఆ ఊళ్ళ వాళ్ళు అలా పిలిచారు. పిలవగా పిలవగా అదే ఇంటిపేరై కూర్చుంది.

ఇప్పుడు ఆ పేరు రొమేనియాలో, మొల్దోవాలో సరే, పని వెతుక్కుంటూ వెళ్ళిన వాళ్ళతో పాటు ఇటలీకి, స్పెయిన్‌కి, జర్మనీకి, అమెరికాకి కూడా పాకిందట. ఎలెనా అన్న ఇటలీలో లారీ నడుపుతాడు. మేనత్త స్పెయిన్‌లో ఒక ముసలామెను చూసుకుంటూ వాళ్ళింట్లోనే ఉంటుంది. "మరి ఆ దేశాల్లో ఉన్న ఉంగురేయానులంతా మీ చుట్టాలేనా?" అన్నాను, మన బుద్ధి మనది కదా. "అబ్బే, కొండ దాటిన ప్రతివాడికీ అదే పేరు పెట్టారు. మా అన్న ఉండే ఊళ్ళోనే ఇంకో ఉంగురేయాను రొట్టెలు అమ్ముతాడు. మాకేమీ కాడు" అని నవ్వింది. మా జగిత్యాల వైపు కూడా అంతేనని చెప్పాను. ఎప్పుడో బొంబాయి మిల్లుకు పోయొచ్చిన వాళ్ళ ఇంటిల్లిపాదీ బొంబాయోళ్ళు. ఇప్పుడు ఖతార్ పోయినా, కువైట్ పోయినా ఊళ్ళో వాళ్ళకు అంతా దుబాయే. ఎలెనాకు ఇది భలే నచ్చింది. మీ వాళ్ళ ఇంటిపేర్లు మీ వాళ్ళ నోటే వినాలి, ఎక్కడ దొరుకుతారు అంది. శుక్రవారం ఏషియన్ టౌన్‌లో దొరుకుతారు అంది సుజాత.

మీరూ వెళ్ళాలనుకుంటే దారి చెబుతాను. ఏషియన్ టౌన్ నగరం శివార్లలో, పారిశ్రామిక వాడ పక్కన ఉంటుంది. అల్ హిలాల్ నుంచి రద్దీ లేకపోతే కారులో అరగంట. టాక్సీ అయితే నలభై రియాళ్ళు ఉంచుకోండి. మాకు టాక్సీ అవసరం పడలేదు. సుజాతకు తెలిసిన ఓబులేసు అల్ వుకైర్‌లో ఒక ఖతారీ ఇంట్లో హౌస్ డ్రైవర్. సొంతూరు కడప జిల్లా. శుక్రవారం మధ్యాహ్నం అతనికి సెలవు. పాత కారు వాడుకోమని యజమానే ఇస్తాడు. పెట్రోలు పోయిస్తే చాలన్నాడు ఓబులేసు. శుక్రవారం పొద్దున దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి కాబట్టి ప్రార్థన అయ్యాకే ఎలెనా, నేను బయలుదేరాం. సుజాత పని ఉండి రాలేదు. "హోటల్ కూడు వద్దు మేడం. మా రాజేశం వండుకోనొస్తాండాడు. మీ తెలంగాణ మనిషే. ఆయప్ప చెయ్యి పడితే మంచినీళ్ళు గూడా రుచే. యల్లా, పోదాం పాండి" అని కారు తీశాడు ఓబులేసు.

ఏషియన్ టౌన్‌లో దుకాణాలు, సినిమా హాళ్ళు, క్రికెట్ మైదానం అన్నీ ఒక్కచోటే ఉంటాయి. వారమంతా కంపెనీ బట్టల్లో ఉండే మగవాళ్ళు ఆ రోజు ఇస్త్రీ చొక్కాలు వేసుకొని, తల దువ్వుకొని వస్తారు. ఒక పక్క నేపాలీ, ఒక పక్క మలయాళం, మధ్యలో ఎవరో ఫోన్‌లో పెళ్ళాన్ని "పిల్లకు జరం తగ్గిందా?" అని అడిగే మన తెలుగు. ప్రాణం లేచొచ్చింది. జనవరి ఎండ ఒంటికి హాయిగా ఉంటుంది. వేసవిలో మాత్రం ఈ సాహసం చేయకండి. మైదానం పక్కన నీడలో దుప్పటి పరుచుకొని ముగ్గురు మా కోసం చూస్తున్నారు. ముగ్గురిదీ ఒకే కంపెనీ, క్యాంపులో ఒకే రూమ్, ఒకే పొయ్యి. రాజేశానికి నలభై దాటి ఉంటాయి, సన్నగా ఉంటాడు, షట్టరింగ్ పని. గంగారెడ్డి వాళ్ళలో పెద్దాయన, ఇంకో ఏడాదిలో ఇంటికి పోతాడట. తిరుపతి ముప్పైల్లో ఉన్న క్రేన్ ఆపరేటర్, నోరు ఊరుకోదు. డ్యూటీ నుంచి ఎంత అలిసొచ్చినా వంట రాజేశానిదే. మిగతా ఇద్దరూ కూరగాయలు తెస్తారు, గిన్నెలు కడుగుతారు.

బగారా అన్నం, కోడికూర, పచ్చిపులుసు. అబ్బ, ఆ పచ్చిపులుసు! కాల్చిన ఎండుమిరపకాయ వాసన ముక్కుకు తగలగానే నేను ఎక్కడున్నానో మరిచిపోయాను. ఎలెనా కూడా చేత్తోనే తినడం మొదలుపెట్టి, కళ్ళలో నీళ్ళు కారుతున్నా గిన్నె వదల్లేదు. "ఆరేండ్ల సంది ఇంటికి పోయినప్పుడు తప్ప ఈని చేతి కూడే తింటున్న బిడ్డా. మా ఇంటిదాని మీద ఒట్టు, ఆమెకు గూడ ఇట్ల వండరాదు" అన్నాడు గంగారెడ్డి. "ఈ ముచ్చట చిన్నమ్మకు ఫోన్‌ల చెప్పాల్నా కాకా?" అని తిరుపతి ఫోన్ తీస్తే అందరం నవ్వాం. రాజేశం తల వంచుకొని మాకు వడ్డిస్తూనే ఉన్నాడు.

అప్పుడు ఎలెనా తన ఇంటిపేరు కథ చెప్పింది. నేను తెలుగు చేసి వినిపించాను. వాళ్ళకూ హుషారు వచ్చింది. గంగారెడ్డి తన ఇంటిపేరు, దానికి ముందు తాతలు వదిలేసిన ఇంకో ఇంటిపేరు కూడా చెప్పాడు. తిరుపతి తనది చెప్పి, అర్థం నాకెర్క లేదన్నాడు. "మరి మీది, రాజేశం?" అన్నాను. "నాదేముందక్కా, రాజేశం అంటె చాలు. ఇంకింత కూర ఏసుకోండ్రి" అన్నాడు. అక్కడ ఆగాలి కదా మనిషన్నాక! ఆగలేదు. ఊరడిగాను. చెప్పాడు. చూస్తే మా అమ్మమ్మ ఊరికి పక్క ఊరే. ఇక నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. దేశం కాని దేశంలో పక్క ఊరి మనిషి! "అయితే ఇంటిపేరు చెప్పాల్సిందే" అని పట్టుబట్టాను. తిరుపతి కూడా "చెప్పరాదే అన్నా, గింత సిగ్గేంది" అన్నాడు. రాజేశం చెంచాతో కూర కలుపుతూ, గిన్నెకే చెబుతున్నట్టు ఇంటిపేరు చెప్పాడు.

ఆ పేరు ఇక్కడ రాయను. ఒకసారి బయటపెట్టించింది చాలు. వినగానే నేను చప్పట్లు చరిచినంత పని చేశాను. "అయ్యో, మీరు వాళ్ళా! మా అమ్మమ్మ ఇంట్లో ఏ పెళ్ళి జరిగినా డప్పు కొట్టడానికి మీ నాన్నే కదా వచ్చేది! ఊరి బయట, చెరువు అవతలి వాడ!" అన్నాను. పాత చుట్టం దొరికినంత సంబరంగా, అందరికీ వినపడేలా అన్నాను. నా మాట పూర్తయ్యాక కానీ నాకు వినపడలేదు.

గంగారెడ్డి చెయ్యి విస్తరిలో ఆగిపోయింది. కలిపిన ముద్ద అలాగే ఉంది. రాజేశాన్ని చూడలేదు, నన్నూ చూడలేదు. కాసేపటికి "కడుపు నిండింది" అని లేచి చెయ్యి కడుక్కోవడానికి పోయాడు. అటు నుంచి అటే దుకాణాల వైపు నడిచాడు. తిరుపతి "కాకా, ఓ కాకా" అని పిలిచాడు, తిరిగి చూడలేదు. ఓబులేసు దుప్పటి అంచు సరిచేస్తూ ఉండిపోయాడు. ఏమీ తెలియని ఎలెనా ఒక్కతే ఖాళీ గిన్నె రాజేశం ముందు పెట్టి, ఇంకొంచెం పులుసు పొయ్యమని సైగ చేసింది. అతను పోశాడు. తిరుపతి నా వైపు ఒక చూపు చూసి, ఉన్న అన్నమంతా కుమ్మరించుకొని తినసాగాడు. నోరా వీపుకు తేకే అంటారు పెద్దలు. నా నోరు ఇంకొకరి వీపుకు తెచ్చింది.

రాజేశం గిన్నెలు తీసుకొని కుళాయి దగ్గరికి పోతే వెనకే వెళ్ళాను. ఓబులేసు దారిలో ఆపాడు. గొంతు తగ్గించి, "ఏం మేడం, ఇట్ల జేస్తిరే! ముందు కంపెనీలో కులం తెలిసి ఆయప్పకు గిన్నెలు వేరు పెట్టినారు. పాపం, ఆ క్యాంపు ఇడిసి ఈడికొచ్చినాడు. ఈడ ఇంటిపేరే ఎత్తలేదు. నాకు తెల్సు, నేను ఎవురికన్నా చెప్తినా?" అన్నాడు. నాకు భూమి చీలితే బాగుండు అనిపించింది. కులం ఏమిటని నేను అడగలేదు కదా అని లోపల ఒక వకీలు లేచాడు. వాణ్ణి నేనే కూర్చోబెట్టాను. మన దగ్గర ఇంటిపేరు, ఊరు కలిపి అడిగితే అడిగింది అదే. అది తెలియనంత పసిదాన్నా నేను?

"తప్పయిపోయింది రాజేశం, నేను కావాలని అనలేదు" అన్నాను. అతను గిన్నె తోముతూనే ఉన్నాడు.

"ఊకోండ్రి అక్కా. మా బాపును యాది పెట్టుకున్నరు, సంతోషమే. మా బాపు పేరేందో చెప్పుండ్రి?"

నాకు తెలియదు. ఆ ఇంటిపేరు తెలుసు, ఆ డప్పు తెలుసు, పెళ్ళి పందిరికి దూరంగా అతను నిలబడే చోటు తెలుసు. మా ఇంట్లో ఎవరూ అతన్ని పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు. ఇంటిపేరు అడగనిదే ముద్ద దిగని నేను!

"మల్లయ్య" అన్నాడు రాజేశం. "మస్తు కొట్టేటోడు. పోయి నాలుగేండ్లయితుంది. నాకు సెలవు దొరకలే."

క్షమించమని ఇంకోసారి అన్నాను. ఏమనాలో తెలియక అన్నాను. గంగారెడ్డితో నేను మాట్లాడతానని కూడా అన్నాను. అతను కుళాయి కట్టేసి మొదటిసారి నా ముఖంలోకి చూశాడు.

"వద్దక్కా. కాక చెయ్యి ఆగుతదని నాకెర్కే. గందుకే ఇన్నేండ్లు చెప్పలే. గని మీ చెయ్యి గూడ ఆగింది."

నిజం. గంగారెడ్డి చెయ్యి గురించి పైన అంత వివరంగా రాశాను కానీ ఇది దాటేశాను. డప్పు మాట నా నోట్లోంచి బయటపడ్డ క్షణాన, నోటి దాకా వెళ్ళిన నా ముద్ద ఆగింది. రెప్పపాటే. తర్వాత గబగబా తిన్నాను, అవసరానికి మించి తిన్నాను, ఆహా ఓహో అని కూడా అన్నాను. కులం పట్టింపు లేదని బ్యాంకులో నలుగురి ముందూ చెప్పుకునే మనిషిని. నా చెయ్యి నన్ను అడగకుండానే ఆగింది. చూడవలసిన మనిషి చూశాడు.

తిరుగు ప్రయాణంలో ఎలెనా ఏం జరిగిందని అడిగింది. ఆ అరగంట నా జీవితంలో అన్నిటికంటే పొడుగు. ఊరు, వాడ, డప్పు, గిన్నెలు అన్నీ ఇంగ్లీషులో చెప్పాలి. ఒక్కో మాటా చెబుతుంటే పళ్ళు పీకినట్టుంది. అంతా విని, "కూర మారలేదు కదా?" అంది. మారలేదన్నాను. అల్ హిలాల్ వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఓబులేసు పెట్రోలు డబ్బులు తీసుకున్నాడు కానీ, రేపెక్కడికి పోదాం మేడం అని మాత్రం అడగలేదు.

నేను హైదరాబాద్ విమానం ఎక్కే రోజు ఓబులేసుకు ఫోన్ చేసి అడిగాను. గంగారెడ్డి రూమ్ మారలేదు, పొయ్యి మార్చాడట. పక్క రూమ్ వాళ్ళతో తింటున్నాడు. రాజేశంతో మాట్లాడతాడు, డ్యూటీ మాటలు, వాతావరణం మాటలు. తిరుపతి మాత్రం రాజేశం దగ్గరే తింటున్నాడు. వచ్చి రోజులు గడుస్తున్నాయి. ఈ బ్లాగులో ఎన్నో ఊళ్ళ గురించి గొప్పలు రాశాను. ఇది రాయడానికి చేతులు రాలేదు. పేరు ఏ కొండ దాటి వచ్చిందో, ఏ దేశాలకు పాకిందో వెతకడం సరదాగా ఉంటుంది, ఆ పేరు మోసే మనిషికి దాని వల్ల అన్నం పోనంత వరకూ. ఉంగురేయాను అని చెప్పుకొని ఎలెనా నవ్వగలిగింది. రాజేశం గిన్నెలోకి తల దించి చెప్పాడు. ఆ తేడా అతని ముఖంలో కనపడుతూనే ఉంది, నాకే కళ్ళు లేవు. సిగ్గుగా ఉంది, చాలా సిగ్గుగా ఉంది. ఇలా రాసుకున్నంత మాత్రాన ఆ రూమ్‌లో మూడో కంచం మళ్ళీ రాదని కూడా తెలుసు.

వెళ్ళేవాళ్ళకు నా సలహా ఒక్కటే. శుక్రవారం ప్రార్థన అయ్యాక వెళ్ళండి, చలికాలంలో వెళ్ళండి, ఖాళీ కడుపుతో వెళ్ళండి. మన భాష వినపడితే పలకరించండి, వాళ్ళు చెప్పిన పేరుతోనే పిలవండి, ఆ పక్కన ఇంకో పేరు అడగకండి. దుప్పటి మీద చోటిచ్చి వడ్డిస్తే, ఎవరు వండారో తెలిసిన తర్వాత కూడా తింటూనే ఉండండి.